తుపాకి ఇచ్చే ముందు బాల్యాన్ని తవ్వవచ్చునా?

ఒక మనిషి తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడనుకుందాం. వయస్సు ఇరవై రెండు. పదిహేనో ఏట ఏదో కొట్లాటలో ఇరుక్కుని, బాలల న్యాయ మండలి ముందు నిలబడి వచ్చినవాడు. లైసెన్సు ఇచ్చే అధికారి ఆ పాత కాగితాన్ని తెప్పించుకుని చూడవచ్చునా? చూసి, "నీ చేతికి ఆయుధం ఇవ్వం" అని చెప్పవచ్చునా?

సాహిత్య విమర్శకు పెట్టుకున్న పత్రికలో ఈ తుపాకుల ప్రస్తావన ఏమిటని మిత్రులు అనుకోవచ్చు. అందుకు నా దగ్గర రెండు కారణాలున్నాయి. మన కథల్లో, ముఖ్యంగా సీమ కక్షల చుట్టూ అల్లుకున్న కథల్లో, "చిన్నప్పుడే కేసుల్లో ఉన్నవాడు" అనే పాత్ర తరచుగా కనిపిస్తున్నది. ఆ ఒక్క వాక్యంతో రచయిత ఆ పాత్ర స్వభావాన్నీ భవిష్యత్తునూ తేల్చేస్తున్నాడు. చట్టం చేయడానికి జంకే పనిని మన కథకులు అర పేజీలో ముగిస్తున్నారు. ఇది మొదటి కారణం. మనిషి గతాన్ని సమాజం ఎంతకాలం గుర్తుంచుకోవాలి, దేన్ని మరచిపోవాలి అన్న ప్రశ్న న్యాయశాస్త్రానికి ఎంత సొంతమో సాహిత్యానికీ అంతే సొంతం. ఇది రెండవది. కనుక ముందుగా చట్టం ఏమంటున్నదో తెలుసుకుని, ఆ తరువాత మన పనికి వద్దాం.

ఆయుధం ఎవరి హక్కు?

మన దేశంలో తుపాకి ప్రభుత్వ అనుమతి మీద మాత్రమే చేతికి వచ్చే వస్తువు. దీనికి మూలం 1878 నాటి ఆయుధాల చట్టం. 1857 తిరుగుబాటు తెల్లదొరలకు మిగిల్చిన భయం ఆ చట్టంలో ప్రతి అక్షరంలోనూ ఉన్నది. భారతీయుడు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియనులకు మినహాయింపు. ఆ రోజుల్లో లైసెన్సంటే ప్రభుత్వానికి విధేయుడన్న బిరుదు వంటిదే. భూస్వామికీ, జమీందారుకూ, సర్కారుకు పనికివచ్చే పెద్దమనిషికీ అది దక్కేది. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా పడి తుపాకులు పట్టుకుపోవలసి వచ్చిందంటే, మన్యం ప్రజలకు ఆయుధం దొరికే దారి మరొకటి లేకపోవడమే కారణం.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది. దరఖాస్తుదారుకు చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని అందులో 14వ సెక్షను చెబుతుంది. వలసపాలన నాటి వర్గపక్షపాతాన్ని కాగితం మీదనైనా కాదన్న మాట అది. 9వ సెక్షను ఎవరికి ఆయుధం ఇవ్వకూడదో చెబుతుంది. మొదట పదహారేళ్లు నిండనివారికి కూడదన్నారు. 1983 సవరణలో ఆ హద్దును ఇరవై ఒక్క ఏళ్లకు పెంచారు. హింసతోగాని నైతిక పతనంతోగాని కూడిన నేరానికి జైలుశిక్ష పడినవానికి, శిక్షాకాలం ముగిసిన తరువాత అయిదేళ్ల వరకు ఆయుధం కూడదు. మతి స్థిమితం లేనివారికి కూడదు. శాంతిభద్రతల కోసం బాండు రాయించుకున్నవారికి, మన జిల్లాలో జనం "బైండోవర్ అయినాడు" అనేవారికి, ఆ బాండు గడువు ముగిసేదాకా కూడదు. 2019 సవరణతో ఒక మనిషి పెట్టుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది.

దరఖాస్తు అందగానే అధికారి దగ్గరలోని పోలీసు స్టేషనునుంచి నివేదిక తెప్పించుకోవాలి. దరఖాస్తుదారు నడవడి ఏమిటి, శిక్షలు పడ్డాయా, బాండ్లు ఉన్నాయా అనేది ఆ నివేదికలో రావాలి. ప్రజాశాంతికి, ప్రజల భద్రతకు అవసరమనుకుంటే లైసెన్సు నిరాకరించే అధికారం కూడా ఉన్నది. నిరాకరిస్తే కారణాలు రాతలో పెట్టాలి.

ఇక్కడ పాఠకులు ఒక అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి. హింసానేరానికి జైలుకు వెళ్లివచ్చిన పెద్దవానికి కూడా ఈ చట్టం అయిదేళ్ల తరువాత తలుపు పూర్తిగా మూయదు. పెద్దవాని గతానికే గడువు పెట్టిన చట్టం ఉండగా, పిల్లవాని గతాన్ని గడువు లేకుండా వెంటాడవచ్చునా? మన ప్రశ్నను ఈ రూపంలో పెట్టుకుంటే దాని బరువు తెలుస్తుంది.

పిల్లల చట్టం ఏమంటుంది?

పిల్లలను పెద్దల జైళ్లలో వేయకూడదన్న ఆలోచన మనకు పందొమ్మిదవ శతాబ్దంలోనే వచ్చింది. 1876లోనూ, తిరిగి 1897లోనూ సంస్కరణ పాఠశాలల చట్టాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టులో అటువంటి పాఠశాల నడిచింది. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది. మా కోసిగి, ఆదోని ప్రాంతం 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి మా తాతల కాలపు పిల్లలకు వర్తించింది ఆ చట్టమే. కేంద్రపాలిత ప్రాంతాలకు 1960లో బాలల చట్టం చేశారు. దేశమంతటికీ ఒకే చట్టం 1986లో వచ్చింది. అందులో మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లు హద్దు. 2000లో చేసిన చట్టం ఇద్దరికీ పద్దెనిమిదేళ్లన్నది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరంలో నిందితులలో ఒకడు పదిహేడేళ్లవాడు. దానిపై దేశంలో రేగిన ఆగ్రహం నుంచి ఇప్పుడు అమలులో ఉన్న 2015 చట్టం పుట్టింది.

రచయితలమైన మనం ఈ చట్టాల వరసలో పదాల ప్రయాణాన్ని చూడాలి. 1960లో ఆ పిల్లవాడు "అపచారి బాలుడు" అనదగిన మాటతో పిలువబడ్డాడు. 1986లోనూ దాదాపు అదే మాట. 2000లో "చట్టంతో ఘర్షణ పడిన బాలుడు" అయినాడు. 2015 చట్టం 3వ సెక్షనులో ఇంకొక అడుగు వేసి, పిల్లలకు సంబంధించిన వ్యవహారాలలో నిందాసూచకమైన మాటలు వాడరాదని ఒక సూత్రంగా రాసింది. పదానికి ముద్ర వేసే శక్తి ఉన్నదని శాసనసభ్యులు ఒప్పుకున్నారన్నమాట! భాషతో బతికే మనం మాత్రం ఇంకా "బాల నేరస్థుడు" అని అలవాటుగా రాసేస్తున్నాం.

అదే 3వ సెక్షనులో మరొక సూత్రం ఉన్నది. పిల్లవానికి బతుకు మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలి, ప్రత్యేక పరిస్థితులలో తప్ప పాత రికార్డులను తుడిచివేయాలి అని. దానిని అమలుపరిచేవి ముఖ్యంగా రెండు సెక్షన్లు. 24వ సెక్షను ప్రకారం, పిల్లవాడు నేరం చేసినట్టు తేలినా, మరే చట్టంలోనైనా శిక్షపడినవానికి ఉండే అనర్హతలు అతనికి అంటవు. ఆ రికార్డులు అప్పీలు గడువు ముగిశాకగాని, నియమిత కాలం తరువాతగాని నాశనం చేయాలి. 2016 నాటి నియమాలు ఆ కాలాన్ని ఏడేళ్లుగా పెట్టి, అంతకుమించి ఉంచరాదన్నాయి. 74వ సెక్షను ప్రకారం, కేసు ముగిసిన పిల్లవాని రికార్డును పోలీసులు నడవడి ధ్రువపత్రం కోసంగాని మరి దేనికోసంగాని బయటపెట్టరాదు.

దీనికి ఒక మినహాయింపు ఉన్నది. కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోరనేరం చేశాడని, పదహారు దాటిన పిల్లవానిని పెద్దవానివలె విచారించాలని బాలల న్యాయస్థానం నిర్ణయించి, నేరం చేసినట్టు తేల్చితే అతనికి ఈ రక్షణ లేదు. అతని రికార్డు న్యాయస్థానం దగ్గర ఉండిపోతుంది. 2012 ఆగ్రహం చట్టంలో విడిచిపోయిన జాడ ఇదే.

ఇప్పుడు రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి లెక్క చూద్దాం. పదిహేడో ఏట కేసు తేలిన పిల్లవాని కాగితం ఏడేళ్లు ఉంటే, అతనికి ఇరవై నాలుగు వచ్చేదాకా అది ఎక్కడో ఒక బీరువాలో ఉంటుంది. తుపాకికి అర్హత వయస్సు ఇరవై ఒకటి. ఈ మూడేళ్ల సందులో పోలీసు అధికారికి ఆ కాగితం అందుబాటులోనే ఉండవచ్చు. అది ఉన్నా బయటపెట్టరాదని 74వ సెక్షను అడ్డుపడుతుంది. కనుక మన చట్టం జవాబు స్పష్టం. ఘోరనేరపు మినహాయింపు తప్ప, బాల్యపు కాగితంతో తుపాకి దరఖాస్తును తూచరాదు.

కోసిగి పిల్లవానికి తుపాకి ఏ దారిన వస్తుంది?

చట్టం సంగతి చెప్పాను. ఇక బతుకు సంగతి. మా కోసిగిలో సొంత తుపాకికి దరఖాస్తు పెట్టుకునే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక్కడి జనంలో ఎక్కువమంది పంటలు చేతికివచ్చే కాలంలో "సుగ్గికి" పోయేవారు. పత్తి ఏరడానికి, మిరప కోయడానికి గుంటూరు వైపో, కర్ణాటక వైపో సంసారమంతా కదులుతుంది. పిల్లలు కూడా కదులుతారు. తరగతిలో సగం బల్లలు ఖాళీ అయ్యే నెలలు మాకు ప్రతి ఏడూ ఉంటాయి. ఆ ఇళ్ల పిల్లల చేతికి తుపాకి వచ్చే దారి ఒకటే ఉన్నది. అది ఉద్యోగం. కానిస్టేబులో, కేంద్ర బలగాల జవానో, బ్యాంకు వాకిట నిలబడే కాపలాదారో అయితేనే తుపాకి.

కాబట్టి "తుపాకికి ముందు పూర్వాపరాల విచారణ" అనే మాటకు మన సమాజంలో రెండు అర్థాలున్నాయి. ఉన్నవానికి అది లైసెన్సు దగ్గర జరుగుతుంది, లేనివానికి ఉద్యోగపు ధ్రువీకరణ ఫారం దగ్గర జరుగుతుంది. మొదటివానికి పోయేది ఒక హోదా. రెండవవానికి పోయేది అన్నం.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి రెండేళ్ల కిందట ఆ ఫారం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. పదిహేనో ఏట తేరు దినాన జరిగిన కొట్లాటలో మరొక పిల్లవాని తల పగిలింది. మండలి విచారించి, హితవు చెప్పి ఇంటికి పంపింది. ఫారంలో "మీపై ఎప్పుడైనా కేసు నమోదయిందా?" అన్న గడి దగ్గర ఆగిపోయినాడు.

"రాస్తే ఉద్యోగం పోతాది, రాయకుంటే దాసినాడంటారు. ఏం చేయాల సార్?" అన్నాడు.

ఈ రెండు వాక్యాలలో ఉన్న ఇరకాటాన్ని న్యాయస్థానాలు చాలాకాలంగా విప్పుతూ వస్తున్నాయి. 2016 జూలైలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ధ్రువీకరణ ఫారంలో విషయం దాచినప్పుడు నేరం స్వభావాన్నీ, చిన్న వయస్సులో జరిగిన అల్పమైన సంగతులనూ అధికారులు తారతమ్యంతో చూడాలని చెప్పింది. 2019 నవంబరులో మన ప్రశ్నకు మరీ దగ్గరైన తీర్పు వచ్చింది. కేంద్ర పారిశ్రామిక భద్రతాదళంలో సబ్ ఇన్‌స్పెక్టరుగా ఎంపికైన ఒక యువకుడు, మైనరుగా ఉన్నప్పుడు తనపై పెట్టిన కేసునూ, అందులో నిర్దోషిగా విడుదలైన సంగతినీ తానే చెప్పుకున్నాడు. అయినా ఉద్యోగం ఇవ్వలేదు. మైనరుగా ఉండగా నేరం రుజువైనా సరే, దాని మచ్చ మిగలకూడదన్నదే పిల్లల చట్టాల ఉద్దేశమని చెప్పి, న్యాయస్థానం అతని పక్షాన నిలిచింది. గమనించండి: అది ఆయుధం పట్టే బలగం. బాల్యపు కాగితానికీ తుపాకికీ మధ్య ఉన్న సంబంధాన్ని మన దేశపు అత్యున్నత న్యాయస్థానం సూటిగా తాకిన సందర్భాలలో అది ఒకటి.

ఆ అబ్బాయికి నేను 24, 74 సెక్షన్లు చూపించి, న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాదిని ఉచితంగా అడగవచ్చునని చెప్పాను. గడిలో ఏమి రాశాడన్నది అతని సొంత సంగతి. దానిని ఇక్కడ రాస్తే నేను ఇంతసేపు చెప్పినదానికి విలువ ఉండదు.

కాగితం ఎవరి మీద పుడుతుంది?

పిల్లల తప్పులన్నీ కాగితానికి ఎక్కవు. ఆసామి కొడుకు ఇంకొకని తల పగలగొడితే ఊరి పెద్దలు కూర్చుని, మందుల ఖర్చు ఇప్పించి, "పిల్లకాయలు కదా" అని తేలుస్తారు. కూలి చేసేవాని కొడుకు రైలుకట్ట దగ్గర ఇనుపముక్క ఏరుకుంటే అది నేరుగా స్టేషనుకు పోతుంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ప్రమాదకరమైన పని చేశారో చెప్పనవసరం లేదు. కానీ ఇరవై ఏళ్ల తరువాత తుపాకి అడిగినప్పుడు రికార్డు "శుభ్రంగా" ఉండేది మొదటివానిదే. రికార్డు అంటే జరిగిన నేరాల జాబితా అనుకోవడం పొరపాటు. అది పోలీసుల చేతికి దొరికినవారి జాబితా.

ఈ సంగతికి మన చరిత్రలో భయంకరమైన సాక్ష్యం ఉన్నది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దానిని మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. 1924లో మళ్లీ ఒక చట్టంగా కూర్చారు. ఎరుకల వంటి తెగలవారు పుట్టుకతోనే నేరస్థులని నిర్ణయించి, పేర్లు రాసి, వేలిముద్రలు తీసుకుని, సెటిల్‌మెంట్లలో పెట్టారు. గుంటూరు ప్రాంతంలో 1913లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువార్టుపురం, నెల్లూరు జిల్లాలో కావలి, మా కర్నూలు జిల్లాలోనే సిద్ధాపురం అటువంటివి. ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి వేరే పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని కూడా ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. పిల్లవాడు ఏ తప్పూ చేయకముందే అతనిమీద కాగితం పుట్టింది! మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టాన్ని ఎత్తివేసింది. మన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడుగా ఉన్న సంఘం దేశమంతటా దానిని తీసివేయాలని సిఫారసు చేయగా, 1952 ఆగస్టు 31 నుంచి అది రద్దయింది. కానీ మద్రాసులో 1948లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో "అలవాటుపడిన నేరస్థుల" చట్టాలు వచ్చాయి. పాత రిజిస్టరు అట్ట మారిందని కొందరు అన్నమాట కేవలం వాక్చమత్కారం కాదు.

ఈ అలవాటు ఇంకా పోలేదనడానికి దూరం పోనక్కరలేదు. 2024 మే 7న సుప్రీంకోర్టు ఢిల్లీ పోలీసుల హిస్టరీషీట్ల వ్యవహారంలో తీర్పు ఇచ్చింది. మనవైపు రౌడీషీటు అనే మాట ఎంత సాధారణమో అక్కడ హిస్టరీషీటు అంత. ఒక మనిషి షీటులో అతని మైనరు పిల్లల వివరాలు కూడా ఎక్కించారన్నది అక్కడి ఫిర్యాదు. అటువంటి మైనర్ల గుర్తింపు బయటపడకుండా ఢిల్లీ పోలీసులు తమ ఉత్తర్వును సవరించుకున్నారు. మిగిలిన రాష్ట్రాలు కూడా తమ పద్ధతులను పరిశీలించుకోవాలని న్యాయస్థానం కోరింది. వెనుకబడిన, అణగారిన వర్గాలవారి పేర్లు ఇలాంటి షీట్లలోకి యాంత్రికంగా ఎక్కుతున్నాయన్న ఆందోళననూ వ్యక్తం చేసింది.

మరొక సంగతి బడిపంతులుగా నేను చెప్పవలసినది. ఒక పిల్లవాడు చట్టం దృష్టిలో పిల్లవాడా కాదా అన్నది తేల్చేటప్పుడు, 94వ సెక్షను ప్రకారం మొదట చూసేది బడి ఇచ్చే పుట్టినతేదీ పత్రాన్నిగాని పదవతరగతి సర్టిఫికెట్టునుగాని. అవి లేకపోతే పంచాయతీ లేక మునిసిపాలిటీ ఇచ్చే జనన పత్రం. అదీ లేకపోతే ఎముకల పరీక్ష. మా ప్రాంతపు బడుల రిజిస్టర్లు తిరగేస్తే జూన్ నెలలో పుట్టినవారే ఎక్కువ కనిపిస్తారు. తల్లి "కరువు వచ్చిన ఏడు, జొన్నలు కోసేటప్పుడు" అంటుంది. రిజిస్టరుకు తేదీ కావాలి. కరువేడాదికి మాస్టరు వేసిన ఆ తేదీ, పదేళ్ల తరువాత ఒక కుర్రవాడు మండలికి పోతాడా, పెద్దల కోర్టుకు పోతాడా అన్నది నిర్ణయిస్తుంది. పేదవాని బాల్యానికి రుజువు కూడా ఇంకొకరి చేతిరాతలోనే ఉన్నది.

ఎదుటి వాదానికీ బలం ఉన్నది

దీనికి ఎదుటి వాదాన్ని తక్కువచేసి చూడరాదు. అమెరికాలో 1993 చట్టం ద్వారా తుపాకి కొనేవారి పూర్వాపరాల తనిఖీ వచ్చింది. 1998 నవంబరు నుంచి దేశమంతటికీ ఒక తక్షణ తనిఖీ వ్యవస్థ నడుస్తున్నది. అక్కడ దుకాణంలో పొడవు తుపాకి కొనడానికి కేంద్ర చట్టం పెట్టిన హద్దు పద్దెనిమిదేళ్లు మాత్రమే. 2022 మే నెలలో బఫెలో నగరంలో పదిమందిని, టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో పందొమ్మిదిమంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయులను చంపినవారిద్దరూ పద్దెనిమిదేళ్లవారే. జూన్ 25న అక్కడ కొత్త చట్టం మీద సంతకం అయింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాడు తుపాకి కొనబోతే, రాష్ట్రాలలోని బాలల రికార్డులనూ, మానసిక ఆరోగ్య రికార్డులనూ, స్థానిక పోలీసులనూ విచారించాలి. అనుమానం ఉంటే పది పనిదినాల దాకా అమ్మకాన్ని ఆపవచ్చు. ఈనాడు అమెరికా బడులలో మన తెలుగువారి పిల్లలు కూడా వేలాదిగా చదువుతున్నారు. ఆ తల్లిదండ్రుల భయాన్ని ఇక్కడ కూర్చుని కొట్టివేయడం సులువు, న్యాయం కాదు. పదిహేడో ఏట హింసకు పాల్పడినవానికి పద్దెనిమిదో ఏట తుపాకి అమ్మవచ్చునా అని వారు అడిగితే, అది అడగవలసిన ప్రశ్నే.

అయితే రెండు సంగతులు చూడాలి. యువాల్డీ హంతకునికి పూర్వపు నేర రికార్డే లేదు. బఫెలోవాడు అంతకు ముందు ఏడాది బడిలో బెదిరింపు మాటలు రాసినందుకు మానసిక పరీక్షకు పంపబడ్డాడు. అతనిమీదా కేసు లేదు. అంటే ఏ ఘోరం వల్ల ఆ చట్టం పుట్టిందో, ఆ ఘోరం బాలల న్యాయస్థానపు బీరువాలో దొరికేది కాదు. మరోవైపు అక్కడి బాలల న్యాయస్థానాలలో నల్లజాతి పిల్లలు జనాభాలో తమ వాటాకు మించి కనిపిస్తారన్నది అందరూ ఒప్పుకున్న సత్యం. సిద్ధాపురం కాగితాలకూ ఆ కాగితాలకూ మధ్య సముద్రాలున్నా, అవి పుట్టిన తీరులో పోలిక ఉన్నది.

రెండవది, అమెరికా పరిస్థితి వేరు. అక్కడ ఆయుధం హక్కు. అడ్డుచెప్పాలంటే ప్రభుత్వం కారణం చూపాలి, అందుకని కారణం కోసం బాల్యందాకా తవ్వవలసి వచ్చింది. ఇక్కడ ఇరవై ఒక్క ఏళ్ల హద్దు ఉన్నది. ఈనాటి నడవడి చూసి నిరాకరించే అధికారం ఉన్నది. నిన్న మొన్నటి బెదిరింపులు, పెద్దయ్యాక పడిన కేసులు, బైండోవర్లు చాలవా? ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు స్టేషన్లలో జమచేయించే పద్ధతి మనకున్నది. ఎవరి చేతిలో ఉన్న తుపాకికి భయపడి ఆ పని చేయిస్తున్నారు? మండలి హితవు విని ఇంటికి పోయిన కూలివాని కొడుకును చూసి మాత్రం కాదు. సీమ కక్షలలో బాంబుల సంచి మోసిన పేద కుర్రవాడు కేసులో ఉంటాడు. మోయించినవాడు లైసెన్సు తుపాకితో వరండాలో కూర్చుంటాడు. కాబట్టి ప్రజల భద్రతే మన లక్ష్యమైతే, తనిఖీ వరండానుంచి మొదలుకావాలి.

ఇంతకూ చట్టం "మరచిపో" అన్నంతమాత్రాన వ్యవస్థ మరచిపోతుందా అన్న అనుమానం మిగులుతుంది. 2009లో కేంద్రం మంజూరు చేసిన పథకంతో దేశంలోని పోలీసు స్టేషన్లను కంప్యూటర్లతో కలిపారు. కాగితాన్ని కాలిస్తే బూడిద అవుతుంది. కంప్యూటరులో పేరు ఎన్ని చోట్లకు నకలైందో కనుక్కుని తుడవడం అంతకన్న కష్టమైన పని. అల్పమైన, మధ్యరకపు నేరాలలో పిల్లలమీద ఎఫ్.ఐ.ఆర్. రాయరాదని, స్టేషను డైరీలో మాత్రమే నమోదుచేయాలని 2016 నియమాలు చెప్పడంలోని వివేకం ఇదే. పుట్టని కాగితాన్ని తుడవనవసరం లేదు.

ఇక మన పని

2011లో సుప్రీంకోర్టు ముందుకు ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులు ఉద్యోగపు వ్యవహారం ఒకటి వచ్చింది. ఇరవై ఏళ్ల ప్రాయంలో జరిగిన కొట్లాట కేసును దరఖాస్తులో చెప్పలేదన్నది అభియోగం. అతడు పిల్లవాడు కూడా కాదు, యువకుడు. అయినా న్యాయమూర్తులు యౌవనపు తప్పులను క్షమించాలన్నారు. తమ మాటకు ఆధారంగా వారు ఒక నవలలోని పాత్రను తలచుకున్నారు. విక్టర్ హ్యూగో సృష్టించిన జాఁ వల్జాఁ! రొట్టెముక్క కోసం జీవితాంతం దొంగగా ముద్రపడిన మనిషి. మన తెలుగు ప్రేక్షకులు అతనిని 1950లో వచ్చిన "బీదలపాట్లు" సినిమాలో చిత్తూరు నాగయ్యగారి రూపంలో చూసి కన్నీరు పెట్టినవారే. ఫ్రాన్సులో 1862లో అచ్చయిన నవల, నూటయాభై ఏళ్ల తరువాత ఢిల్లీలో ఒక ఉద్యోగార్థి పక్షాన సాక్ష్యం చెప్పింది. సాహిత్యానికి ప్రయోజనం ఏమిటని అడిగే విద్యార్థులకు నేను ఈ తీర్పును చూపిస్తున్నాను.

దానికి ఎదురుగా మన ఫ్యాక్షన్ సినిమాలను పెట్టి చూడండి. 1999లో "సమరసింహారెడ్డి" విజయం తరువాత వరసకట్టిన చిత్రాలలో, చిన్నప్పుడు కత్తి పట్టిన పిల్లవాడు పెద్దయ్యాక పట్టవలసింది కూడా కత్తే. మధ్యలోని ఇరవై ఏళ్లకు విలువ లేదు. చదువుకు, స్నేహానికి, పనికి, సిగ్గుకు, పశ్చాత్తాపానికి ఆ మనిషిని మార్చే శక్తి ఉన్నదని ఆ కథకులు నమ్మరు. కథానాయకుడైతే అది పౌరుషం, పక్కింటివాడైతే పుట్టుబుద్ధి. 1871 చట్టం చెప్పినది కూడా రెండవ మాటే.

కథ రాసే మిత్రులకు నేను కోరేవి కొన్ని చిన్న విషయాలు. పిల్లవాడు మండలి ముందుకు వచ్చే దృశ్యం రాయవలసివస్తే, అక్కడ ఒక మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారని, వారిలో ఒకరైనా స్త్రీ అయివుండాలని తెలుసుకుని రాయండి. చేతికి సంకెళ్లు వేయకండి, చట్టం వేయవద్దన్నది. వేసినట్టే రాయవలసివస్తే, అది చట్టాన్ని మీరిన పని అని పాఠకునికి తెలిసేటట్టు రాయండి. "బాల నేరస్థుడు" అనే మాట పాత్ర నోట రావచ్చు, పోలీసు నోట రావచ్చు. కథకుని నోట రావడానికి ముందు ఒక్కసారి ఆగండి.

విద్యార్థులు పరిశోధనకు విషయాలు వెతుక్కుంటున్నారు. తెలుగు కథలో పాతకేసు ఉన్న పాత్రలు ఎన్ని, అందులో ఎందరికి మారే అవకాశాన్ని కథకుడు ఇచ్చాడు, ఎందరు ఏ కులంనుంచి, ఏ వర్గంనుంచి వచ్చారు అని లెక్కతీయండి. మన సాహిత్యంలో కూడా ఒక రౌడీషీటు ఉన్నదేమో అప్పుడు తెలుస్తుంది. పోలీసు షీటును సవరించమని న్యాయస్థానం ఉత్తర్వు ఇవ్వగలదు. దీనిని సవరించవలసినవారం మనమే.